పత్తి మందుకి తేనెటీగలు పోతున్నాయి, అర్జీ ఎవరికి పెట్టాలి?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర పల్లె. బీర, గుమ్మడి పాదులు వేసి పక్కనే తేనె పెట్టెలు పెట్టుకున్నాం. గట్టు దాటితే పత్తి చేలు. అక్కడ పచ్చదోమకి థయామెథాక్సామ్ కొట్టిన మర్నాడల్లా పెట్టెల ముందు ఈగలు నాలుక బయటపెట్టి, రెక్కలు కొట్టుకుంటూ గిర్రున తిరిగి పడిపోతున్నాయి. పిందె కూడా నిలవట్లేదు.

మందుల షాపాయన్ని అడిగితే "నీలం గుర్తే కదా, ఏం కాదు" అన్నాడు. నాకు తెలిసినంతవరకు డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు ఎలుకల్లాంటి జంతువులకి ఎంత మోతాదు ప్రాణాంతకమో చూసి ఇచ్చేవి. ఈగల సంగతి ఆ రంగులో ఎక్కడుంది? ఇదే మందుని యూరప్‌లో 2018లో ఆరుబయట పంటలకి ఆపేశారు, కారణం తేనెటీగలే.

1968 నాటి పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఇచ్చేది కేంద్రం కమిటీ. ఈగలు, చేపలు, పక్షుల మీద కంపెనీలు అక్కడ పెట్టిన పరీక్షల వివరాలు సమాచార హక్కు కింద ఎవరైనా తెచ్చుకున్నారా? వ్యాపార రహస్యం అని తిప్పి పంపుతారా? జిల్లా వ్యవసాయ ఆఫీసులో అర్జీ పెడితే పనవుతుందా? ఒడియాలో నేనే రాసుకోగలను, ఏ సెక్షన్ పేరు చెప్పాలో చెప్పండి చాలు.

పక్క చేను రైతు మాకు వరసకి బావ, గొడవ ఇష్టం లేదు. సాయంత్రం ఈగలు గూటికి చేరాక కొట్టమంటే సరేనంటాడు, కూలీలే ఆ వేళకి దొరకరు. పచ్చదోమకి ఈగల్ని చంపని మందు మీరెవరైనా పత్తిలో వాడి చూశారా?