ముల్కీ అనే మాట ఎక్కడిది?

పెన్నాగట్టు (నెల్లూరు): ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం సాగిన జై ఆంధ్ర ఉద్యమం రోజుల ప్రస్తావన వస్తే చాలు, మా పెద్దలు ‘ముల్కీ గొడవ’ అంటారు. ఈ మాట ‘మూలం’ నుంచి పుట్టిందని నా అభిప్రాయం. మూలవాసి, ముల్కీ.

కందుకూరు మాస్టారు: కాదండీ. అరబ్బీలో ‘ముల్క్’ అంటే రాజ్యం. ఉర్దూలో ఆ రాజ్యం మనిషి ముల్కీ, కానివాడు గైర్ ముల్కీ. ఉత్తరాది నుంచి వచ్చి హైదరాబాదు కొలువులు నింపేసిన వారి మీద అక్కడి వారికి పుట్టిన కోపం అది. 1919లో నిజాం ఫర్మానాతో, కొలువులు ముల్కీలకే అనే నిబంధనగా మారింది. అప్పటికి మన ఆంధ్రుల ఊసే లేదు.

పెన్నాగట్టు: మూల్, ముల్. పోలిక కనబడటం లేదా?

మాస్టారు: కర్ణాటక తీరంలో ముల్కీ అనే ఊరుంది. దానికీ నిజాముకూ వియ్యం కలుపుతారా?

ఒంగోలు గిత్త: మన ఊసే లేదా? 1972 అక్టోబరు 3న ఆ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాదులో గుమాస్తాగా ఉన్న మా నాన్న మర్నాటికే పరాయివాడయ్యారు. పక్క బల్ల మనిషి పలకరింపు కూడా మానేశాడు.

మాస్టారు: పదిహేనేళ్లు అక్కడ నివసించి, తిరిగి వెళ్లే ఆలోచన లేదని ప్రమాణపత్రం ఇస్తే ముల్కీ అయ్యే వీలుండేది. మీ నాన్నగారు ఇచ్చారా?

గిత్త: మా నాయనమ్మ ఒంగోలులో బతికుండగా ఇంటికి రానని సంతకం పెట్టాలా? మీరైతే పెడతారా?

కావలి కోడలు: ముల్కీని పెళ్లాడిన స్త్రీ ముల్కీ అయ్యేది. ముల్కీ స్త్రీని పెళ్లాడిన మగవాడి సంగతేమిటి? ఎవరూ అడగరు.

పెన్నాగట్టు: నా ప్రశ్న ధాతువు గురించి.

మాస్టారు: గిత్త గారూ, ఆవేశం వద్దు. 1973లో ఆ నిబంధనలు రద్దయ్యాయి కదా.

గిత్త: రద్దయి ఏమైంది? రాజ్యాంగంలో 371డి అధికరణం వచ్చింది, దాని కింద స్థానికులకు ఉద్యోగాల్లో వాటా ఇస్తూ 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. గుంటూరు, ప్రకాశం, నెల్లూరు కలిపి మూడో జోన్. కడప పిల్లవాడు నెల్లూరులో స్థానికేతరుడయ్యాడు. హైదరాబాదు వాళ్లు చేస్తే అన్యాయమని రైళ్లు ఆపాం, మనం చేస్తే రక్షణ అన్నాం. మాస్టారూ, ఆ లెక్కలోనే మీకు ఉద్యోగం వచ్చిందని పోయిన నెల మీరే రాశారు.

మాస్టారు: వచ్చింది. తప్పేమిటి? నాలుగేళ్లు వరుసగా ఇక్కడే చదివి పదో తరగతి పూర్తిచేశాను. ఊళ్లో కొలువు ఊరివాడికి దక్కాలి. నెల్లూరులోనైనా అంతే, హైదరాబాదులోనైనా అంతే.

గిత్త: ఈ మాట మొదటే అని ఉంటే అరబ్బీ పాఠం తప్పేది. పుట్టుకను బట్టి పని ఇవ్వడం నాకు ఎక్కడైనా అన్యాయమే.

మాస్టారు: పుట్టుక అని నేను అనలేదు, చదువు అన్నాను.

మార్కాపురం మనిషి: మమ్మల్ని 1970లో కర్నూలు నుంచి తీసి మీ ఒంగోలు జిల్లాలో కలిపారు. మేము ఏ ముల్కీలం?

గిత్త: మాస్టారినే అడగండి. 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరు జిల్లాకు పోయింది, ఆయనకు అనుభవం ఉంది.