నమ్మి చెప్పుకున్న మాట పదిమంది నోళ్లలో పడినప్పుడు

ప్రశ్న:
మాది ఇరవై మంది కూడా లేని చిన్న సంఘం. వారానికొకసారి అందరమూ ఒకే గదిలో కూర్చుంటాము. నా మానసిక అనారోగ్యం గురించి వారిలో ఒక్కరికే, కడుపులో దాచుకోమని కోరి మరీ చెప్పుకున్నాను. పోయిన వారం మరొకరు నన్ను పలకరిస్తూ, "దీపం ఆర్పాలంటే ఇంకా భయమేస్తోందా?" అని అడిగారు. ఆ మాట నేను ఆ ఒక్కరితో తప్ప ఎవరితోనూ అనలేదు. అడిగిన వారి గొంతులో జాలే తప్ప ఎగతాళి లేదు, అయినా నా చేతులు చల్లబడిపోయాయి. సంఘాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు, అక్కడే ఉంటూ ఆ మనిషి ముఖం చూడడమూ నా వల్ల కావడం లేదు. ఏం చేయమంటారు?

మొదటి సమాధానం:
మీరు చిన్న విషయానికి బాధపడుతున్నారని ఎవరన్నా పట్టించుకోకండి. తాము ఆధారపడిన మనిషే నమ్మకాన్ని వమ్ము చేసినప్పుడు, ఆ బంధాన్ని తెంచుకోలేనివారు జరిగినదాన్ని తమ కంటికే కనబడనివ్వరని మనస్తత్వ శాస్త్రవేత్త జెన్నిఫర్ ఫ్రెయిడ్ 1990లలో ప్రతిపాదించారు. మీరు అలా కళ్లు మూసుకోలేదు. ఇక ఆ వ్యక్తితోనే ఏకాంతంగా మాట్లాడండి. వారి గుణాన్ని తప్పుపట్టకుండా, ఫలానా మాటను ఫలానా వారి నోట విన్నానని చెప్పి, ఇంకా ఎంతమందికి తెలుసని అడగండి. అది తెలుసుకునే హక్కు మీకుంది. అడిగాక ఆగండి, ముందుగా వచ్చేది మీ బాధ గురించిన మాటా, తమ సంజాయిషీయా అన్నది గమనించండి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

రెండవ సమాధానం:
పై మాటతో ఏకీభవిస్తూనే ఒకటి చేర్చాలి. చిన్న సంఘాల్లో అందరూ కలిసి "పోనీలెండి, సర్దుకుపోండి" అని తొందరపెడతారు, ఎందుకంటే ఇద్దరి మధ్య మౌనం అందరికీ ఇబ్బందిగా ఉంటుంది. క్షమించడం వేరు, మళ్లీ రహస్యం అప్పగించడం వేరు. ఇలాంటి పరిస్థితిలోనే నేను రెండేళ్లు ఒకరితో నమస్కారం, పని మాటలు, అంతకుమించి ఏమీ లేకుండా గడిపాను, అందులో ద్వేషం లేదు.

మూడవ సమాధానం:
దయచేసి మీ వైపు మనుషులను కూడగట్టకండి, ఎందుకంటే ఇరవై మంది రెండు జట్లుగా విడిపోతే సంఘమే మిగలదు. 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ పంచుకున్న ఎలినార్ ఓస్ట్రామ్, ఉమ్మడి వనరులను తరతరాలుగా కాపాడుకున్న సమూహాలను పరిశీలించి, వాటిలో తగవులు సులువుగా తీర్చుకునే చోటు ఉంటుందనీ, శిక్షలు చిన్నగా మొదలై తప్పును బట్టి పెరుగుతాయనీ గుర్తించారు. ఎవరి పేరూ ఎత్తకుండా, ఇక్కడ విన్నది బయటికి పోకూడదన్న నియమాన్ని మీరే ప్రతిపాదించవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
నిన్న మాట్లాడాను. ఇద్దరికి చెప్పానని, నా మీద బెంగతోనే చెప్పానని అన్నారు. సంజాయిషీయే ముందు వచ్చింది, చాలాసేపటికి గాని క్షమాపణ రాలేదు. ఈ వారం సమావేశానికి వెళుతున్నాను, కుర్చీ మాత్రం వేరే వరుసలో వేసుకుంటాను.