కరువు నెలల్లో గంటల కోతా, లీటర్ల కోటా? నీళ్లు దేనివల్ల మిగులుతాయి?

నీటిలెక్క
సరఫరా సగానికి పడిపోగానే అపార్ట్‌మెంట్ కమిటీలకు ముందు గుర్తొచ్చేది ట్యాంకు వాల్వు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు విప్పి, తక్కిన వేళ కట్టేస్తారు. రెండో దారి కోటా: మనిషికి ఇన్ని లీటర్లు, దాటితే అదనపు రుసుము. నిజంగా ఆదా అయ్యేది ఏ దారిలో? మీటర్లు లేని భవనాలను కూడా లెక్కలోకి తీసుకుని చెప్పండి.

గేట్‌వాల్వు
గంటల కోత వల్ల వాడకం తగ్గదు, నీళ్లు పట్టుకునే వేళ మారుతుందంతే. బిందె నుంచి డ్రమ్ము దాకా అన్నీ నింపుతారు. మళ్లీ వదలగానే నిన్నటివి పారబోసి కొత్తవి పడతారు. నీళ్లు రాని వేళ తిప్పి వదిలేసిన ట్యాపు, వాల్వు విప్పాక ఎవరూ లేని ఇంట్లో ధారగా పోతూనే ఉంటుంది. పైగా అందరూ ఒకేసారి పడితే గొట్టం చాలదు. ఇంటింటికీ వాడే వేళ వేరుగా ఉంటుందన్న లెక్కతోనే దాని సైజు నిర్ణయిస్తారు. చివరికి పై అంతస్తు వాళ్లకు చుక్కలే మిగులుతాయి.

వీధి లైనులో కోత పెడితే ఇంకా ప్రమాదం. ఖాళీ అయిన గొట్టం పగుళ్ల గుండా పక్కనున్న మురుగును లోపలికి లాగుతుంది. మళ్లీ నిండేటప్పుడు తోసుకొచ్చే గాలికి మీటరు ఊరికే తిరుగుతుంది.

అడుగుమట్టం
గేట్‌వాల్వు గారూ, కోటా అనాలంటే ముందు కొలత ఉండాలి కదా. పాత భవనాల్లో వంటింటికి ఒక షాఫ్టు, ఒక్కో బాత్రూముకు ఒక్కో షాఫ్టు. ఫ్లాటుకు మూడు నాలుగు చోట్ల నీళ్లు దిగుతాయి, అన్ని మీటర్లూ కావాలి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో 2018 ఫిబ్రవరి నుంచి మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి నడిచిందంటే ఇళ్లకు మీటర్లున్నాయి, ఎక్కువ వాడే ఇళ్లకు నీటిని కట్టడి చేసే పరికరాలు బిగించారు, వీధి గొట్టాల్లో ఒత్తిడీ తగ్గించారు. అవేవీ లేకుండా నోటీసు బోర్డు మీద కోటా రాస్తే వినేదెవరు?

బోరు మీద బతికే భవనానికి వేళలు తప్పవు. గంట తోడి రెండు మూడు గంటలు ఆపితే మట్టం మళ్లీ పైకొస్తుంది. ఆపకుండా తోడితే మోటారు గాలి పీల్చి కాలిపోతుంది. స్టార్టరులో డ్రైరన్ రక్షణ (నీళ్లు అందనప్పుడు మోటారును ఆపే ఏర్పాటు) ఉందో లేదో ముందు చూసుకోండి.

గేట్‌వాల్వు
బోరుకు విశ్రాంతి ఇవ్వడం వేరు, ఇళ్లకు వాల్వు కట్టేయడం వేరు. ట్యాంకులో నీళ్లున్నప్పుడు కట్టడం దేనికి?

అడుగుమట్టం
కారుడు ఆపడానికి. సెకనుకు ఒక చుక్క, చుక్క పావు మిల్లీలీటరు అనుకుంటే రోజుకు 21 లీటర్ల పైనే. 40 ఫ్లాట్లలో ఒక్కో ట్యాపు కారితే 840. రాత్రి ఆరు గంటలు కడితే 210 మిగులుతాయి.

గేట్‌వాల్వు
వాషర్లు మారిస్తే 840కి 840 మిగులుతాయి!

ధారకొలత
ఇద్దరూ ఒత్తిడిని వదిలేశారు. ట్యాంకు నీటిమట్టం పై ఇంటి ట్యాపుకు 3 మీటర్ల ఎత్తున, కింది ఇంటి ట్యాపుకు 15 మీటర్ల ఎత్తున ఉందనుకోండి. ఒత్తిడి అయిదింతలు. గొట్టం రాపిడి పక్కనపెడితే, అదే ట్యాపు కింద 2.2 రెట్లు ఎక్కువ వదులుతుంది. మీటర్లు లేకున్నా ఇక్కడ కోయవచ్చు. 10 లీటర్ల బకెట్ షవరు కింద పెట్టి సెకన్లు చూడండి. 60లో నిండితే నిమిషానికి 10 లీటర్లు. 100 సెకన్లు పట్టేదాకా షవరుకు నీళ్లిచ్చే వాల్వు కొద్దికొద్దిగా కట్టండి, 6కు దిగుతుంది. వాష్‌బేసిన్‌కు నిమిషానికి 3 లీటర్లే వదిలే ఏరేటర్ (ట్యాపు మూతికి బిగించే, గాలి కలిపి ధార తగ్గించే జల్లెడ) చాలు. బకెట్ పట్టే ట్యాపుకు మాత్రం ఏరేటర్ దండగ: బకెట్ నింపడానికి ఎంత సేపు పట్టినా బకెట్ బకెట్టే.

రెండు జాగ్రత్తలు. ధార మరీ సన్నబడితే గ్యాస్ గీజరు వెలగదు. ట్యాంకు లేకుండా నేరుగా గొట్టం ఒత్తిడితో పనిచేసే ఫ్లష్ వాల్వున్న చోట ఒత్తిడి తగ్గిస్తే సరిగా కడగదు, రెండోసారి నొక్కాల్సి వస్తుంది.

రంగుచుక్క
ట్యాపుల కంటే పెద్ద దొంగ ఫ్లష్ ట్యాంకు, చప్పుడు లేకుండా పోతుంది కనుక. ట్యాంకులో కాస్త రంగు కలిపి అరగంట ఫ్లష్ చేయకండి. కమోడ్‌లో రంగు కనిపిస్తే అడుగు రబ్బరు పోయినట్టు. ఇటుక వేయొద్దు, కరిగి ఇసుకగా రబ్బరు కింద చేరుతుంది. నీళ్లు నింపిన సీసా వేయండి, ఒక్క ఫ్లష్‌తో శుభ్రమవుతుందో లేదో చూసుకుని.

నీటిలెక్క
సరే, 50 లీటర్లలో ఇల్లు నడుస్తుందా?

ధారకొలత
తాగడానికీ వంటకూ 5, స్నానానికి 15, గిన్నెలకూ చేతులకూ 8, బట్టలకు 10. మిగిలిన 12తో 6 లీటర్ల ఫ్లష్ రెండుసార్లే. తక్కిన వాటికి బట్టలు ఉతికిన నీళ్లు వాడాలి. ఫ్లష్ ట్యాంకులో పోయకండి, సబ్బు జిడ్డు రబ్బరుకు పడుతుంది. బకెట్‌తో 5 లీటర్లు ఒక్క ఊపున కమోడ్‌లోనే కుమ్మరించాలి, మెల్లగా పోస్తే కదలదు. ఆ ఉతికిన నీళ్లు 24 గంటలు దాటితే కంపు కొడతాయి. నలుగురి ఇంట్లో బట్టల వాటా రోజుకు 40 లీటర్లు. ఫ్రంట్ లోడ్ మెషిన్ ఒక విడతకు 50 దాకా తీసుకుంటుంది, కాబట్టి రోజు విడిచి రోజు వేస్తే సరిపోతుంది.

కోటా మాత్రం మనిషి లెక్కనే. ఫ్లాటు లెక్కన పెడితే ఇద్దరున్న ఇంటికి దర్జా, ఆరుగురున్న ఇంటికి జరిమానా.

రంగుచుక్క
డ్రమ్ములు నింపేవాళ్లు మూత పెట్టినా వారానికోసారి ఖాళీ చేసి గోడలు తోమాలి. డెంగీ దోమ గుడ్లు గోడకే అంటుకుంటాయి, నీళ్లు మారిస్తే పోవు.

అడుగుమట్టం
ఒత్తిడి తగ్గించడం ముందు, వాషర్లు తర్వాత, ఒప్పుకుంటున్నా. రాత్రి వాల్వు కట్టడం మాత్రం వదలను, కారే ట్యాపు ఎవరింట్లో ఉందో తేలేదాకా అదే దిక్కు. అయితే వాల్వుకు కింది వైపున ట్యాంకు నీటిమట్టం కంటే ఎత్తుకు గాలి గొట్టం ఉండాలి. లేకపోతే కట్టినప్పుడు కింది ఇంటి ట్యాపు పైనున్న ఇళ్ల గొట్టాల్లోంచి పీలుస్తుంది, బకెట్‌లో మునిగి ఉన్న హ్యాండ్ షవరుంటే ఆ మురికి నీళ్లూ గొట్టంలోకి ఎక్కుతాయి.

గేట్‌వాల్వు
ఆ గాలి గొట్టం ఉన్న భవనానికైతే నాకు అభ్యంతరం లేదు. చాలావాటికి ఉండదు. ముందు డాబా ఎక్కి చూసి రమ్మనండి.