పబ్లిషర్ డబ్బు తీసుకున్న గేమ్‌ని ఇండీ అనొచ్చా?

నాగావళి_గట్టు:
శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు చేసిన గేమ్‌ల జాబితా ఇక్కడ పిన్ చేద్దామనుకున్నాం కదా, "ఇండీ" (స్వతంత్రంగా చేసిన గేమ్) అనే గడి దగ్గర ఆగిపోయింది. ఒక గేమ్ ముగ్గురే చేశారు గానీ పబ్లిషర్, అంటే డబ్బు పెట్టి గేమ్‌ని విడుదల చేసేవాడు, ఉన్నాడు. ఇంకోదానికి పబ్లిషర్ లేడు, కంపెనీలో 40 మంది. నా లెక్క సింపుల్: పబ్లిషర్ ఉంటే ఇండీ కాదు. అభ్యంతరాలుంటే చెప్పండి.

కోట_వెనక:
మీ లెక్కలో మొదట ఎగిరిపోయేది స్టార్‌డ్యూ వ్యాలీ. బొమ్మలు, సంగీతం, కోడ్ అన్నీ ఎరిక్ బరోన్ ఒక్కడే చేసుకున్నాడు. 2016లో దాన్ని విడుదల చేసింది మాత్రం చకిల్‌ఫిష్ అనే పబ్లిషర్. దాన్ని తీసేసి, వందల మంది పనిచేసిన బల్దూర్స్ గేట్ 3ని ఉంచాలి, ఎందుకంటే దాన్ని చేసిన లారియన్ వాళ్లు సొంతంగానే విడుదల చేశారు. వాల్వ్‌ని కూడా ఉంచాలి, స్టీమ్ అనే గేములమ్మే ఆన్‌లైన్ కొట్టే వాళ్లది మరి! అలాంటి జాబితా ఎవరికి పనికొస్తుందండీ?

పిక్సెల్_పంతులు:
బొమ్మలు చూసి ముద్ర వేసినా ఇదే తంటా. 2023లో గేమ్ అవార్డ్స్ వాళ్లు డేవ్ ద డైవర్‌ని ఉత్తమ ఇండీ నామినేషన్లలో పెట్టారు. పిక్సెల్ బొమ్మలున్నాయి, చిన్న టీమ్ అనిపించింది, అంతే. దాన్ని చేసిన మింట్‌రాకెట్ అప్పటికి కొరియాలోని నెక్సాన్‌లో ఒక భాగం. జీతం ఇచ్చేదీ, వద్దనుకుంటే ప్రాజెక్టు ఆపేదీ నెక్సానే. చివరికి అవార్డు సీ ఆఫ్ స్టార్స్‌కి వెళ్లింది గానీ, గొడవ మాత్రం డైవర్ చుట్టూనే నడిచింది.

జీడిపలుకు:
పబ్లిషర్ ఉన్నాడా లేడా అన్నది కాదండి, కాగితం మీద ఏటి రాశారో చూడాలి. మా పలాస వైపు లెక్కలో చెప్తాను. పూత మీదున్నప్పుడు షావుకారి దగ్గర అడ్వాన్సు తీసుకోవడం వేరు, తోటే రాసిచ్చీడం వేరు.

ఇలగ చూడండి. గేమ్ ధర 590 రూపాయలనుకుందాం. 18 శాతం జీఎస్టీ 90 పోతే 500. స్టీమ్ 30 శాతం, అంటే 150 తీసుకుంటాది. మిగిలింది 350. పబ్లిషర్ 20 లక్షలు అడ్వాన్సు ఇచ్చాడు, వాటా చెరి సగం. అగ్రిమెంట్‌లో "మొత్తం రాబడి నుంచి ముందు అడ్వాన్సు రాబట్టుకోవాలి" అని ఉంటే 5,715 కాపీలకి బాకీ తీరిపోద్ది. "డెవలపర్ వాటా నుంచి" అని ఉంటే? మీ వాటా 175 కాబట్టి 11,429 కాపీలు అమ్మాలి, ఆలోగా ఆయన 175 ఆయన పట్టుకుపోతూనే ఉంటాడు. రెండు మాటల తేడా, రెట్టింపు కాపీలు. ప్రచారం ఖర్చు కూడా అడ్వాన్సులో కలుపుతానంటే పరిమితి అంకె రాయించుకోవాలి. లేదంటే ఆ బాకీకి ఒడ్డుండదు.

ఇంత కఠినమైన లెక్క ఒప్పుకున్నా సరే, గేమ్ హక్కు మీ పేరునే ఉండి, ఏ లెవెల్ తియ్యాలో మీరే చెప్పగలిగితే నా దృష్టిలో అది ఇండీయే. అప్పులో ఉన్న ఇండీ.

నాగావళి_గట్టు:
సరే, "పబ్లిషర్ ఉంటే కాదు" అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. మరి కాగితంలో ఏమేం చూడాలి?

జీడిపలుకు:
హక్కు ఎవరిది, ఎన్నేళ్లకి తిరిగొస్తాది, మైల్‌స్టోన్‌ని (వాయిదా డబ్బు రావడానికి పూర్తి చెయ్యాల్సిన పని మెట్టు) ఒప్పుకునేదెవరు, పార్ట్ 2 ఎవరికివ్వాలి. మైల్‌స్టోన్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. "పబ్లిషర్‌కి నచ్చితే వాయిదా చెల్లిస్తాడు" అని ఉంటే డైరెక్టర్ ఆయనే, మీరు కాదు. "ఫలానా 6 లెవెళ్లు, క్రాష్ కాకుండా, ఫలానా తేదీకి, 15 రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే" అని రాయించండి.

పిక్సెల్_పంతులు:
దానికి ఒకటి కలపాలి: గేమ్ ఎవరి స్టీమ్‌వర్క్స్ ఖాతాలో (స్టీమ్‌లో గేమ్ పెట్టేవాళ్ల ఖాతా) ఉందో చూడండి. గేమ్ పెట్టడానికి స్టీమ్ అడిగే 100 డాలర్ల ఫీజు పబ్లిషర్ కడతానంటే హాయిగా ఉంటుంది, పేజీ మాత్రం ఆయన ఖాతాలో పుడుతుంది. రివ్యూలూ విష్‌లిస్టులూ (తర్వాత కొందామని గుర్తుపెట్టుకున్నవాళ్ల జాబితా) ఆ పేజీకే అంటుకుని ఉంటాయి. ఒప్పందం ముగిశాక ఆయన తన ఖాతా నుంచి బదిలీ చెయ్యాలి; చెయ్యకపోతే హక్కు మీదే, పేజీ మీది కాదు. కొత్త పేజీ పెడితే విష్‌లిస్టు సున్నా నుంచి మొదలు. పైగా ఫీజు కట్టాక 30 రోజులు ఆగాలి, "త్వరలో" పేజీ కనీసం 2 వారాలు కనబడాలి.

తోటపల్లి_కాలువ:
ఇంతా చేసి ఎవరు స్వతంత్రులండీ? స్టీమ్ 30 శాతం పట్టుకుంటుంది. గేమ్‌లు తయారుచేసే ఇంజిన్ యూనిటీవాళ్లు 2023 సెప్టెంబరులో ఇన్‌స్టాల్‌కి ఇంతని రుసుము ప్రకటిస్తే, అప్పటికే సగం అయిన గేమ్‌లవాళ్లు దిక్కులు చూశారు. ఏడాది తర్వాత రద్దు చేశారనుకోండి, కానీ పగ్గం ఎవరి చేతిలో ఉందో తెలిసింది కదా. గొడో అనే ఉచిత ఇంజిన్‌లో చేసి సొంత సైట్‌లో అమ్మినవాడే ఇండీ.

కోట_వెనక:
సంతలో ఆశీలు కట్టినంత మాత్రాన ఎవరూ సంత కాంట్రాక్టరుకి కూలీ అయిపోరు. స్టీమ్ మీ గేమ్‌లో మూడో లెవెల్ మార్చమనదు. ఇంజిన్ మాట మాత్రం ఒప్పుకుంటా. గొడోది ఎంఐటీ లైసెన్సు, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తీసుకున్న వెర్షన్‌ని రేపు ఎవరూ వెనక్కి లాక్కోలేరు. కానీ అది ముందుజాగ్రత్త. ఇండీ అన్న ముద్రకి అదే షరతంటే, అందరూ ఇండీ అనే హాలో నైట్ గేమ్ కూడా పోతుంది, అది యూనిటీలో చేసిందే.

పిక్సెల్_పంతులు:
బయటి పబ్లిషర్ గురించే ఇంత మాట్లాడుకున్నాం, లోపలి కాగితం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ ముగ్గురి గేమ్‌లో సంగీతం స్నేహితుడితో చేయించుకుని, వాట్సాప్‌లో "వాడుకో రా" అన్నదానితో సరిపెట్టుకున్నారా? మన 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాగితం రాసుకున్నా ఎన్నాళ్లకో రాయకపోతే 5 ఏళ్లే, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే చెల్లుతుంది. స్టీమ్‌లో గేమ్ ప్రపంచమంతా అమ్ముతున్నారు! 40 మంది కంపెనీకి ఈ బాధ తక్కువ, ఉద్యోగి పనిలో భాగంగా చేసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని కంపెనీయే.

తోటపల్లి_కాలువ:
అంటే 40 మంది కంపెనీయే ఎక్కువ ఇండీ అంటారా? జీతాలిచ్చే కంపెనీనీ, రాత్రిళ్లు మేలుకుని చేసిన ముగ్గురినీ ఒకే గడిలో పెడితే చిన్నవాళ్లు కనబడరు. జట్టు సైజు పక్కన రాయకపోతే నేను ఒప్పుకోను.

కోట_వెనక:
రాయండి, కాకపోతే విడి గడిలో. సైజు వేరు, స్వతంత్రం వేరు. ఆ 40 మంది కంపెనీలో వాటాలెవరివో ముందు తెలియాలి. 51 శాతం బయటి పెట్టుబడిదారుడిదైతే పబ్లిషర్ లేకపోయినా అది డైవర్ కేసే.

నాగావళి_గట్టు:
జాబితాలో నాలుగు గడులు పెడుతున్నా: హక్కు ఎవరిది, వాటాలెవరివి, స్టీమ్ ఖాతా ఎవరిది, ఎంతమంది. ముగ్గురి గేమ్‌వాళ్లని అడిగాను. హక్కు వాళ్లదే, పేజీ పబ్లిషర్ ఖాతాలో ఉంది, మ్యూజిక్‌కి కాగితం లేదు.

జీడిపలుకు:
ముందు ఆ మ్యూజిక్ కుర్రాడి చేత బేగి సంతకం పెట్టించండి. "ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంతకాలం" అన్న మాటలు మరిచిపోకండి. గడి సంగతి తర్వాత చూద్దాం.

తోటపల్లి_కాలువ:
పేజీ వాళ్లది కానప్పుడు ఇండీ గడిలో టిక్ ఎలా పెడతారు? నా ఓటు వద్దు అనే.