డబ్ల్యూడీఎం-3ఏ, నీలం ఐసీఎఫ్ పెట్టెలు హెచ్‌ఓలో వస్తున్నాయట, ఇప్పుడే బుక్ చేయాలా ఆగాలా?

రాయగడ_హోంసిగ్నల్:

అందరికీ నమస్కారం. మాది రాయగడ, ఇల్లు స్టేషన్‌కి దగ్గరే. మా లైన్‌లో ఇంకా కరెంటు తీగలు పడని రోజుల్లో విశాఖ వైపు నుంచి వచ్చే బండ్లకి ఆల్కో డీజిల్ ఇంజన్లే ఉండేవి, రాత్రి పడుకున్నాక ఆ చప్పుడు వింటే ఏ బండి ఎంత లేటో మా నాన్నగారు చెప్పేసేవారు. అందుకే ఒక హాబీ కంపెనీ ఆ ఆల్కో రకానికే చెందిన డబ్ల్యూడీఎం-3ఏ ఇంజన్, దాని వెనక నీలం రంగు ఐసీఎఫ్ పెట్టెలు హెచ్‌ఓ స్కేల్‌లో (అసలు బండిలో 87వ వంతు మోడల్) తెస్తున్నామని ప్రకటించినప్పటి నుంచి నాకు ఆగడం లేదు. రోజుకి రెండు మూడు సార్లు ఆ కంప్యూటర్ బొమ్మలు తీసి చూస్తున్నాను.

ఇన్నాళ్లూ నేను చేసింది ఏమిటంటే, విదేశీ పెట్టెలు సెకండ్‌హ్యాండ్‌లో కొని నీలం రంగు వేసుకోవడం. దూరం నుంచి చూస్తే బాగానే ఉంటాయి, దగ్గరికి వెళ్తే కిటికీలకి ఊచలు ఉండవు, తలుపులు ఉండాల్సిన చోట ఉండవు, మనసు ఒప్పుకోదు.

ఇప్పుడు నా ప్రశ్న. సగం డబ్బు ముందే కట్టి బుక్ చేసుకోమంటున్నారు. రెండేళ్ల క్రితం ఒక చోట (పేరు వద్దు) ఇలాగే కట్టి పధ్నాలుగు నెలలు ఎదురుచూశాను, చివరికి రంగు తేడాగా వచ్చింది. ఆ టెన్షన్ మళ్లీ పడాలా అని ఉంది, మరోపక్క మొదటి బ్యాచ్ అయిపోతే మళ్లీ ఎప్పుడు చేస్తారో అని భయం. ఇంకొకటి, నా బల్ల ఎనిమిది అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు మాత్రమే. ఈ పెట్టెలు అందులో తిరుగుతాయా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బరంపురం_16పాయింట్5:

తమ్ముడూ, ముందు బల్ల సంగతి చెప్తాను, డబ్బు సంగతి దాని మీదే ఆధారపడుతుంది. ఐసీఎఫ్ పెట్టె బఫర్లతో (చివర్లలో గుద్దుడు తట్టుకునే దిమ్మెలు) కలిపి దాదాపు 22.3 మీటర్లు, దాన్ని 87తో భాగిస్తే 256 మిల్లీమీటర్లు. డబ్ల్యూడీఎం-3ఏ 17 మీటర్లకి కాస్త పైన, అంటే మోడల్ 197 మిల్లీమీటర్లు. నీ బల్ల వెడల్పు 762 మిల్లీమీటర్లు, అందులో పూర్తి గుండ్రం వేస్తే వ్యాసార్థం 360 దాటదు. మోడల్ రైళ్ల కంపెనీ హార్న్‌బీ వాళ్ల అన్నిటికన్నా చిన్న వంపే 371, అది కూడా నీ బల్ల మీద పట్టదు. ఎలాగో పట్టించినా 256 పొడవు పెట్టె ఆ వంపులో మధ్యలో లోపలికి, చివర్లు బయటికి తన్నుకొస్తాయి, పెట్టెకీ పెట్టెకీ మధ్య చెయ్యి పట్టేంత సందు కనిపిస్తుంది. 600 కన్నా తక్కువ వ్యాసార్థంలో ఈ పెట్టెలు నడపొద్దు, నేను నడిపి చూసే చెప్తున్నాను.

గుండ్రం మానేసి, ఎనిమిది అడుగుల పొడవునా ఒక స్టేషన్ వేసుకో. ఇంజన్, నాలుగు పెట్టెలు కలిపి నాలుగు అడుగులే, ఇంజన్ విడదీసి అటు నుంచి ఇటు తెచ్చి తగిలించడానికి లూప్ లైన్‌కి చోటు మిగులుతుంది. రాయగడ ప్లాట్‌ఫాం మీద ఇంజన్ రివర్స్ అయ్యేది చూసినవాడివి, ఆ పనే గంటల తరబడి చేస్తావు, విసుగు రాదు.

ఇక డబ్బు. ఇప్పుడు వాళ్లు చూపిస్తున్నది డ్రాయింగ్ మాత్రమే. తర్వాత ఉక్కు అచ్చు తయారవ్వాలి, ఖర్చంతా అక్కడే. అచ్చు నుంచి మొదట రంగు వేయని ప్లాస్టిక్ పీసు బయటికొస్తుంది, ఆ తర్వాత రంగు వేసిన శాంపిల్, ఆ తర్వాతే బ్యాచ్. రంగు వేయని పీసు ఫోటో కనిపించేదాకా నేనైతే సగం డబ్బు కట్టను. చిన్న మొత్తం కట్టి పేరు రాయించుకునే వీలు ఉందేమో అడుగు. మొదటి బ్యాచ్ పోతుందని అంత భయపడక్కర్లేదు. ఒకసారి అచ్చు అయ్యాక దాని ఖర్చు రాబట్టుకోవడానికి వేరే నంబర్లు, వేరే షెడ్ల రంగులతో ఏ కంపెనీ అయినా మళ్లీ మళ్లీ పోస్తుంది.

ఒక్క విషయం మాత్రం రాసి తీసుకో, తయారీ ఎక్కడ అని. బయటి దేశం నుంచి వస్తే సుంకం ఉంటుంది. బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచారు, స్కేల్ మోడళ్లు కూడా ఆ పద్దు కిందికే వస్తాయి. చెప్పిన ధరలో అది కలిసిందో లేదో ఇప్పుడే తేల్చుకోకపోతే పార్సిల్ వచ్చిన రోజు గుండె జారుతుంది.

బల్లార్షా_కేబిన్:

నాకు ఈ ప్రకటన చూస్తే సంతోషం, కొంచెం బాధ కూడా. మళ్లీ ఆల్కోనేనా? మా బల్లార్షాలో ప్లాట్‌ఫాం మీద గంట నిలబడితే కనిపించేది వ్యాప్-7 కరెంటు ఇంజన్, దాని వెనక ఎర్ర రంగు ఎల్‌హెచ్‌బీ (ఐసీఎఫ్ తర్వాత వచ్చిన కొత్త రకం) పెట్టెల వరస. మా పిల్లలు చూసి పెరుగుతున్నది అదే. 6350 హార్స్‌పవర్ ఇంజన్, తెల్ల ఒంటి మీద ఎర్ర పట్టీ, హెచ్‌ఓలో 236 మిల్లీమీటర్లు వస్తుంది. అది కూడా చేయమని అందరం కలిసి రాస్తే బాగుంటుంది.

అయితే ఎల్‌హెచ్‌బీ మీకు ఇంకా కష్టం, ఎందుకంటే పెట్టె 270 మిల్లీమీటర్ల పైనే. కప్లింగ్ (పెట్టెలను ఒకదానికొకటి తగిలించేది) కూడా వేరు. ఐసీఎఫ్‌కి పక్క బఫర్లు, స్క్రూ కప్లింగ్. ఎల్‌హెచ్‌బీకి మధ్యలో కప్లర్ ఒక్కటే. ఎవరైనా ఎల్‌హెచ్‌బీ మోడల్‌కి పెద్ద పెద్ద బఫర్లు పెట్టి అమ్మితే కొనకండి.

నౌపడ_గుణుపురం_చిన్నబండి:

రాయగడ అన్నా, నాది పర్లాకిమిడి. మీరు అడిగిన దానికి కొంచెం పక్కకి వెళ్తున్నా, కానీ ఇది చెప్పకుండా ఉండలేను.

భారతీయ బ్రాడ్‌గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1676 మిల్లీమీటర్లు. హెచ్‌ఓలో అది 19.26 రావాలి. కానీ మన కంపెనీలన్నీ బజార్లో దొరికే 16.5 పట్టాల మీదే చేస్తాయి, అది స్టాండర్డ్ గేజ్‌కి సరిపోయే కొలత. అందుకే ఎంత మంచి మోడలైనా ముందు నుంచి చూస్తే చక్రాలు లోపలికి ముడుచుకున్నట్టు ఉంటాయి. పెట్టెలు ఎంత బాగా చేసినా ఈ తేడా పోదు, మనం అలవాటు పడిపోయాం.

మన చిన్నబండి (నారోగేజ్ రైలు) సంగతి చూడండి. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వచ్చింది, మహారాజావారు వేయించింది, తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. గేజ్ 762 మిల్లీమీటర్లు. 87తో భాగించండి, 8.76. ఎన్ స్కేల్ (హెచ్‌ఓ కన్నా చిన్న మోడల్ కొలత) పట్టా ఎంత? 9. పావు మిల్లీమీటరు తేడా, కంటికి తెలియదు! అంటే మన ఊరి బండిని మాత్రం కొలతకి కొలత సరిగ్గా చేయొచ్చు, పట్టాలు ఎక్కడైనా దొరుకుతాయి, జపాన్ కాటో వాళ్ల చిన్న ఎన్ స్కేల్ ఛాసిస్ (మోటారు, చక్రాలు ఉన్న అడుగుభాగం) మీద పైభాగం మనం కట్టుకోవచ్చు. చిన్న పెట్టెలు కాబట్టి మీ రెండున్నర అడుగుల బల్ల మీద గుండ్రంగా కూడా తిరుగుతుంది. 2004లో ఆ లైన్ మూసేశారు, తర్వాత బ్రాడ్‌గేజ్‌గా మార్చారు, మూసేసినప్పుడు నాకు పదేళ్లు. మా తాతగారు గుణుపురం సంతకి ఆ బండిలోనే తీసుకెళ్లేవారు, వంశధార పక్కనే వెళ్తుంటే తలుపు దగ్గర కూర్చోనిచ్చేవారు. దాన్ని ఏ కంపెనీ చేస్తుందని నేను ఎదురుచూడను, పిఎల్ క్లాస్ ట్యాంక్ ఇంజన్‌ని నేనే అట్టతో కట్టడం మొదలుపెట్టాను. కంపెనీ వాళ్లు ఎప్పటికైనా చేస్తే మొదటి బుకింగ్ నాదే.

కోరాపుట్_టన్నెల్12:

బుకింగ్ గురించి మాట్లాడుతున్నారు కానీ అసలు పెట్టెలు ఏమేమి వస్తున్నాయో ఎవరూ అడగలేదు. ఆ ప్రకటనలో స్లీపర్, త్రీ ఏసీ, జనరల్ ఉన్నాయి. ఎస్‌ఎల్‌ఆర్ లేదు! గార్డు, లగేజీ ఉండే పెట్టె లేకుండా బండి ఎలా అవుతుంది? మన హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ అయినా, కిందకి వెళ్లే ప్యాసింజర్ అయినా ముందు ఒకటి వెనక ఒకటి ఎస్‌ఎల్‌ఆర్ ఉండేవి. వెనక ఎర్ర దీపం వేలాడే చోటు అది. స్లీపర్ పెట్టెలు నాలుగు కొని ఎస్‌ఎల్‌ఆర్ లేకుండా బల్ల మీద పెడితే, తెలిసినవాడికి ప్రతిసారీ అక్కడే కన్ను పడుతుంది.

నా మాట ఏమిటంటే ఇంజన్ కన్నా పెట్టెలు ముఖ్యం. ఇంజన్ ఒకటే కొంటాం, పెట్టెలు నాలుగైనా కొంటాం, డబ్బు ఎక్కువ పోయేదీ అక్కడే. డ్రాయింగ్ దశలో ఉన్నప్పుడే చెప్పాలి, అచ్చు కోసేశాక ఎవరూ వినరు. నేను నిన్న వాళ్లకి రాశాను, ఎస్‌ఎల్‌ఆర్ కావాలని, కిటికీ ఊచలు ప్లాస్టిక్ మీద గీతలుగా కాకుండా విడిగా ఉండాలని, లోపల డీసీసీ (పట్టాల గుండా డిజిటల్ ఆదేశాలతో ఇంజన్‌ని నడిపే పద్ధతి) డీకోడర్‌కి సాకెట్, స్పీకర్‌కి చోటు ఉండాలని. ఆల్కోకి శబ్దం లేకపోతే ఇంకేముంది. "డీసీసీ రెడీ" అంటే డీకోడర్ లోపల ఉందని కాదు, ఖాళీ సాకెట్ ఉందని మాత్రమే, కొత్తవాళ్లు అక్కడ పొరపడతారు.

రాయగడ_హోంసిగ్నల్:

అందరికీ చాలా థాంక్స్. బరంపురం అన్నయ్య చెప్పినట్టే గుండ్రం ఆలోచన వదిలేశాను, నిన్న రాత్రి బల్ల మీద దారం పరిచి చూశాను, మూడు లైన్ల స్టేషన్, ఒక లూప్ హాయిగా పడుతున్నాయి. సగం డబ్బు కట్టడం లేదు. తయారీ ఎక్కడ, ధరలో సుంకం ఉందా అని వాళ్లకి ఈ రోజే రాశాను, ఎస్‌ఎల్‌ఆర్ మాట కూడా చేర్చాను. ఇక్కడ ఉన్నవాళ్లు కూడా ఒక్కొక్కరు రాస్తే వాళ్లకి లెక్క తెలుస్తుంది.

కోరాపుట్ గారూ, ఎస్‌ఎల్‌ఆర్‌కి కొలతలు కావాలంటారేమో వాళ్లు. 2010 ప్రాంతంలో నేను తీసిన ఫోటోలు నా దగ్గర ఒక ముప్పై దాకా ఉన్నాయి, పక్క నుంచి, చివర నుంచి, దీపం బ్రాకెట్ కూడా కనిపిస్తుంది. స్కాన్ చేసి పెడతాను. పర్లాకిమిడి తమ్ముడూ, నీ అట్ట ఇంజన్ ఎంతవరకు వచ్చిందో ఫోటో పెట్టు, నాకు ఒక ఎన్ స్కేల్ ఛాసిస్ పడి ఉంది, మోటారు బాగానే తిరుగుతుంది. గుణుపురం వైపు వచ్చేటప్పుడు తెచ్చి ఇస్తాను.

నౌపడ_గుణుపురం_చిన్నబండి:

అన్నా నిజంగానా? ఈ ఆదివారం నేనే వస్తాను రాయగడకి. బాయిలర్, క్యాబ్ అయ్యాయి, పక్క ట్యాంకులు కట్టాలి. చక్రాల మధ్య దూరం సరిపోతుందో లేదో మీ ఛాసిస్ మీద పెట్టి చూసుకున్నాకే వాటిని కోస్తాను.