రాక్ మీద ఒక రేటు, బిల్లులో ఇంకో రేటు: అడిగినవాళ్లకే తిరిగిస్తే సరిపోతుందా?

కంటోన్మెంట్ గృహిణి

అందరికీ నమస్కారం. విజయనగరం వాళ్లే కాదు, శ్రీకాకుళం వైపు వాళ్లు కూడా చెప్పండి. ఇది ఒక్క షాపు సంగతి కాదు, అందుకే పేరు రాయడం లేదు. ఒక సూపర్ మార్కెట్‌లో అర లీటరు నెయ్యి తీసుకున్నాను. రాక్ మీద అంటించిన చీటీలో 305 అని ఉంది, బిల్లులో 329 పడింది, ప్యాకెట్ మీద ఎమ్మార్పీ 345. అడిగితే కౌంటర్‌లో అబ్బాయి "ఎమ్మార్పీ దాటలేదు కదా మేడమ్" అన్నాడు. చీటీ ఫోటో తీసి చూపించాక మేనేజర్ వచ్చి, ఆఫర్ ఆదివారంతో అయిపోయింది, చీటీ తీయలేదు అని చెప్పి, ముందు పాయింట్లు వేస్తానన్నాడు. నాకు పాయింట్లు వద్దు, డబ్బులే ఇవ్వండి అంటే చివరికి 24 రూపాయలు ఇచ్చాడు.

నా గొడవ అంతటితో తీరింది. కానీ నేను అక్కడ ఉండగానే పక్క కౌంటర్‌లో ఒక పెద్దావిడ అదే నెయ్యి రెండు ప్యాకెట్లు తీసుకుంటే 658 వేశారు. ఆవిడకి కూడా 48 తిరిగి ఇవ్వండి అంటే "ఆవిడ అడగలేదు కదండి" అన్నాడు మేనేజర్. నా ప్రశ్న అదే. తప్పు తమదేనని ఒప్పుకుని నాకు డబ్బులు ఇచ్చాక, అదే తప్పుకి మిగతావాళ్ల దగ్గర తీసుకున్న డబ్బు ఉంచుకోవచ్చా?

దాసన్నపేట కిరాణా

అమ్మా, నాది చిన్న కిరాణా షాపు. పెద్ద షాపులు వచ్చాక నష్టపోయినవాళ్లలో నేనొకణ్ణి, వాళ్ల తరఫున మాట్లాడాల్సిన అవసరం నాకు లేదు. అయినా న్యాయం చెప్పాలి. మీ డబ్బు మీకు ఇవ్వాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఈ తప్పు ఎలా పుడుతుందో కూడా తెలుసుకోండి. బార్‌కోడ్‌లో రేటు ఉండదు, ఆ సరుకు నంబరే ఉంటుంది. రేటు షాపు కంప్యూటర్‌లో ఉంటుంది, చీటీ మాత్రం మనిషి వెళ్లి అంటించాలి. కంప్యూటర్‌లో రేటు ఒక్క నిమిషంలో మారిపోతుంది, చీటీలు మార్చడానికి రాత్రంతా పడుతుంది. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ తగ్గినప్పుడు సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టులు 18 శాతం నుంచి 5కి, నెయ్యి, వెన్న 12 నుంచి 5కి వచ్చాయి. పాత ఎమ్మార్పీ సరుకు, కొత్త ఎమ్మార్పీ సరుకు ఒకే రాక్‌లో ఉంటాయి, రెండింటికీ నంబరు ఒకటే. స్కాన్ చేస్తే స్క్రీన్ మీద రెండు రేట్లు వస్తాయి, చేతిలో ఉన్నది ఏదో చూసి బిల్లింగ్ వాళ్లు ఎంచుకోవాలి. పండగ ముందు క్యూ తలుపు దాకా ఉన్నప్పుడు ఆ పని చేసి చూడండి. ఇదంతా దొంగతనం కాదు. షాపు తనంతట తాను వెతికి అందరికీ పంచాలి అంటే జరిగే పని కాదు.

ఎల్‌ఎల్‌బీ ఫైనల్ ఇయర్

ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి. ఎమ్మార్పీ దాటి అమ్మడం వేరు, చీటీ మీద రేటు దాటి అమ్మడం వేరు. మొదటిదానికి 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్‌లో 18వ రూల్ ఉంది. పన్నులన్నీ కలిపి వేసిన ఆ రేటు మీద ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోకూడదు, దాన్ని చెరపకూడదు, మార్చకూడదు. తూనికలు, కొలతల శాఖకి చెబితే వాళ్లే కేసు పెట్టొచ్చు.

రెండోది అంత తేలిక కాదు, అందుకే "ఎమ్మార్పీ దాటలేదు కదా" అన్న మాట ప్రతి కౌంటర్‌లోనూ వినిపిస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో (2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది) ఎక్కువ ధర తీసుకున్నారని ఫిర్యాదు చేయాలంటే దేనికన్నా ఎక్కువో చెప్పారు: చట్టం పెట్టిన ధర, సరుకు మీదో ప్యాకెట్ మీదో ఉన్న ధర, చట్టప్రకారం పెట్టిన ధరల పట్టికలోని ధర, ఇద్దరూ ఒప్పుకున్న ధర. రాక్ చీటీ ఇందులో ఎక్కడికి వస్తుంది? షాపు లాయరు ఏమంటాడంటే, సరుకు రాక్‌లో పెట్టడం అమ్ముతానని మాట ఇవ్వడం కాదు, కొనమని పిలవడమే, బేరం కుదిరేది కౌంటర్ దగ్గర అంటాడు. 1953లో ఇంగ్లండ్‌లో బూట్స్ మందుల షాపు కేసులో కోర్టు చెప్పిందీ అదే, మాకు క్లాసులో మొదట చెప్పే కేసు అది.

నేను ఒప్పుకోను. కౌంటర్ దగ్గర ఎవరూ బేరం ఆడరు, ఎవరూ రేటు చెప్పరు, వరసగా పీక్ పీక్‌మని కొట్టుకుంటూ పోతారు. కొనేవాడి మనసులో ఉన్న రేటు చీటీలోదే, ఆ చీటీ పెట్టింది షాపే. కాబట్టి ఒప్పుకున్న ధర అంటే చీటీ ధరే. క్యారీ బ్యాగుల సంగతి గుర్తు తెచ్చుకోండి. బ్యాగుకి డబ్బులు కట్టాలన్న విషయం ముందే చెప్పకుండా డబ్బు కట్టే దగ్గర చెప్పడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని 2020 డిసెంబర్‌లో జాతీయ వినియోగదారుల కమిషన్ తేల్చింది. కౌంటర్ దగ్గర మాత్రమే బయటపడే ధర న్యాయం కాదు అన్న సూత్రం ఇక్కడికీ వర్తించాలి కదా.

ఇక అసలు ప్రశ్నకి నా జవాబు 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 72. పొరపాటున ఎవరి చేతికైనా డబ్బు వస్తే వాళ్లు తిరిగి ఇవ్వాలి. అడిగితేనే ఇవ్వాలి అని ఆ సెక్షన్‌లో లేదు.

మెల్‌బోర్న్‌లో బొబ్బిలి

ఇక్కడ ఆస్ట్రేలియాలో పెద్ద సూపర్ మార్కెట్లు ఒక పద్ధతి పాటిస్తున్నాయి. అది చట్టం కాదు, వాళ్లంతట వాళ్లు ఒప్పుకున్నదే. చీటీ రేటు కన్నా స్కాన్ రేటు ఎక్కువ వస్తే మొదటి వస్తువు ఫ్రీ, అదే సరుకు ఇంకా తీసుకుంటే వాటికి తక్కువ రేటు వేస్తారు. చట్టం వేరేగా ఉంది: ఒకే వస్తువుకి రెండు ధరలు కనిపిస్తే తక్కువ ధరకి అమ్మాలి, లేదా సరిచేసే దాకా అమ్మకం ఆపాలి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో అయితే తేడాతో పాటు ఆ తేడాకి పది రెట్లు ఇవ్వాలి, కనీసం ఒక డాలరు, ఎక్కువలో ఎక్కువ అయిదు. ఎందుకు పెట్టారో ఆలోచించండి. తేడా మాత్రమే తిరిగిస్తే చాలు అంటే, పది మందిలో ఒకరు అడిగినా తొమ్మిది మంది డబ్బు షాపుకి మిగిలిపోతుంది, ఇంక చీటీలు సరిగ్గా పెట్టాలని ఎవరికి పడుతుంది? మనకీ ఫ్రీ పద్ధతి రావాలి.

కౌంటర్ నుంచి

నేను ఇలాంటి షాపులోనే బిల్లింగ్ చేస్తాను, ఏ ఊరో చెప్పను. ఫ్రీగా ఇవ్వాలి అంటున్నారు కదా, ఆ డబ్బు ఎవరి జీతంలోంచి పోతుందో ఎవరైనా అడిగారా? మా దగ్గర రోజు చివర క్యాష్ తక్కువ వస్తే షార్టేజీ అని మా మీదే రాస్తారు. రేటు కంప్యూటర్‌లో పెట్టేది హెడ్డాఫీసు, చీటీ అంటించేది ఫ్లోర్ వాళ్లు, తిట్లు తినేది మేము. మొన్న ఒకాయన డిటర్జెంట్ మీద తొమ్మిది రూపాయల తేడాకి అందరి ముందు "దొంగ" అని అరిచారు. డబ్బు అడగండి, తప్పకుండా అడగండి, బిల్లు మార్చే తాళం నా దగ్గర ఉండదు కాబట్టి మేనేజర్‌ని పిలిపించండి. మమ్మల్ని అనకండి.

రాజాం రోడ్డు

అందరూ ఎక్కువ పడిన సంగతే చెబుతున్నారు. తక్కువ పడితే? నాకు 2,150 కుక్కర్‌కి 1,250 పడింది. నేను చెప్పలేదు, ఎందుకు చెప్పాలి? ఎక్కువ వేసినప్పుడు వాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చి ఇచ్చారా? లెక్కకి లెక్క సరి.

కౌంటర్ నుంచి

అన్నా, ఆ 900 కంపెనీ నష్టపోలేదు. అది నాలాంటి వాళ్ల షార్టేజీలోకి వెళ్లి ఉంటుంది. లెక్క సరి కాలేదు.

ఎల్‌ఎల్‌బీ ఫైనల్ ఇయర్

రాజాం అన్నయ్యా, చట్టం మాట అడిగితే షాపుకి మీ మీద గెలవడం కష్టమే. ఒక్క పక్క వాళ్లు పొరబడినంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదు అని అదే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 22లో ఉంది. కానీ పొరపాటని తెలిసి కూడా మౌనంగా తీసుకున్నాను అని మీరే రాశారు, అది వేరే సంగతి అవుతుంది. చట్టం వదిలేసినా ఆ కౌంటర్ అమ్మాయికి మీరు బాకీ ఉన్నట్టే అని నా అభిప్రాయం.

కంటోన్మెంట్ గృహిణి

దాసన్నపేట అన్నయ్యగారూ, జరిగే పని కాదు అన్నారు, అక్కడే మీతో విభేదిస్తున్నాను. మీ షాపులో జరగదు, నిజమే. మీ దగ్గర నెయ్యి ఎవరు కొన్నారో కాగితం మీద ఉండదు. పెద్ద షాపులో బిల్లు వేసే ముందు ఏం అడుగుతారు? ఫోన్ నంబరు. పాయింట్ల కోసం అంటారు, ఇవ్వకపోతే క్యూలో వెనకవాళ్లు విసుక్కునేలా చూస్తారు. ఆ నంబరుతో నేను ఏ నెలలో ఎన్ని కేజీల మినపగుళ్లు కొన్నానో వాళ్లకి తెలుసు, సిరిమానోత్సవం వస్తుందంటే ఆఫర్ మెసేజ్ పంపడం తెలుసు, నా పుట్టినరోజు కూడా తెలుసు. అలాంటిది సోమవారం నుంచి ఆ చీటీ తీసే దాకా ఆ నెయ్యి ఎవరెవరు కొన్నారో తెలియదా? లిస్టు తీయడం నిమిషాల పని. "మీకు 24 రూపాయలు ఎక్కువ పడింది, బిల్లు తీసుకుని రండి, ఇస్తాం" అని ఒక్క మెసేజ్. అమ్ముకోవడానికి పనికొచ్చిన నంబరు డబ్బు తిరిగివ్వడానికి ఎందుకు పనికిరాదు?

మెల్‌బోర్న్ తమ్ముడి మాట కూడా నాకు పూర్తిగా నచ్చలేదు. ఫ్రీ అంటే మళ్లీ పట్టుకున్న ఒక్కరికే లాభం, చీటీ చదవగలిగినవాళ్లకే. ఆ పెద్దావిడకి ఏమొచ్చింది? నాకు బహుమతి వద్దు. ఆ తేడా కట్టిన అందరికీ తిరిగి వెళ్లాలి.

దాసన్నపేట కిరాణా

ఫోన్ నంబర్ల మాట నేను ఆలోచించలేదు, అది న్యాయంగానే ఉంది. కానీ నంబరు ఇవ్వనివాళ్లు కూడా ఉంటారు. వాళ్ల కోసం తలుపు దగ్గర బోర్డు పెట్టాలి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ సరుకు, ఎంత అని. అయినా ఒక్క మాట, ఇలాంటి రూలు వస్తే రేపు అది మా నెత్తి మీద కూడా వేస్తారు. చిన్న షాపుకీ పెద్ద షాపుకీ ఒకే రూలు అంటే నేను ఒప్పుకోను.

చీపురుపల్లి మేష్టారు

ఆ పెద్దావిడ ఎందుకు అడగలేదో ఎవరూ చెప్పలేదు. బిల్లు మొత్తం ఇంగ్లీషులో ఉంటుంది. నెయ్యి పేరు కూడా సగం కోసేసి నాలుగు అక్షరాల్లో వస్తుంది. అక్షరాలు చీమ తలకాయంత. రాక్ చీటీ కూడా ఇంగ్లీషే. స్క్రీన్ క్యాషియర్ వైపు తిరిగి ఉంటుంది. మా ఊరి నుంచి విజయనగరం వచ్చి నెల సరుకు తీసుకుని బస్సు వేళకి కాంప్లెక్స్‌కి పరుగెత్తే మనిషి ముప్పై లైన్ల బిల్లు ఎప్పుడు సరిచూస్తుంది? ఇంటికెళ్లాక మనవడు చూసి చెప్పినా మళ్లీ వచ్చిపోయే చార్జీలు తేడా కన్నా ఎక్కువ. పైగా ఆ కాగితం మీద అక్షరాలు వేడితో అచ్చయ్యే రకం, కొన్నాళ్లకి వెలిసిపోతాయి. బిల్లు చేతికి రాగానే ఫోటో తీసుకోమని మా వీధిలో ఆడవాళ్లకి నేను చెబుతూ ఉంటాను. తెలుగులో చీటీ, కొనేవాళ్ల వైపు తిరిగిన స్క్రీన్, ఈ రెండూ ఉంటే సగం గొడవలు కౌంటర్ దగ్గరే ఆగుతాయి. వీటికి డబ్బు పెద్దగా ఖర్చు కాదు, మనసుండాలి.

రాజాం రోడ్డు

సరే, మరి 24 రూపాయలకి కోర్టుకి ఎవరు వెళ్తారు? అంతా మాటలే.

ఎల్‌ఎల్‌బీ ఫైనల్ ఇయర్

కోర్టు దాకా అక్కర్లేదు. ముందు షాపుకి రాతపూర్వకంగా ఇవ్వండి, ఈమెయిల్ అయినా చాలు, చీటీ ఫోటో, బిల్లు ఫోటో జత చేయండి. తర్వాత 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, వాళ్లు షాపుకి పంపి జవాబు అడుగుతారు. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వస్తువు విలువ 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ల లోపు వేయొచ్చు, షాపు హెడ్డాఫీసు ఎక్కడున్నా మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు.

కానీ అక్కా, మీరు అడిగింది మీ 24 గురించి కాదు, అది మీకు వచ్చేసింది. ఆవిడ బిల్లు మీద మీరు మామూలు ఫిర్యాదు వేయలేరు. దానికి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 35లో ఒక దారి ఉంది. ఒకే రకమైన నష్టం చాలామందికి జరిగితే, కమిషన్ అనుమతి తీసుకుని ఒకరిద్దరు అందరి తరఫునా వేయొచ్చు. అందుకు ఆ వారంలో ఆ నెయ్యి కొని డబ్బు తిరిగి రానివాళ్లు కనీసం ఒకరు ముందుకు రావాలి.

కంటోన్మెంట్ గృహిణి

అయితే అదే అడుగుతున్నాను. ఆ సోమవారం నుంచి గురువారం లోపు విజయనగరంలో అర లీటరు నెయ్యి 329కి కొన్నవాళ్లు ఉంటే బిల్లు ఫోటో పెట్టండి, ఫోన్ నంబరు కనిపించకుండా కప్పేసి పెట్టండి. షాపుకి రాసే ఈమెయిల్ నేను తయారు చేస్తాను, తెలుగులోనే. కౌంటర్‌లో ఎవరి జీతంలోంచీ కోయకూడదని కూడా అందులో రాస్తాను. పెద్దావిడ దాసన్నపేట రైతు బజార్ వైపు నుంచి వచ్చానని ఎవరితోనో అంటుంటే విన్నాను, ఎరుపు అంచు ఆకుపచ్చ చీర, చేతిలో వైరు బుట్ట. తెలిసినవాళ్లు ఉంటే ఆవిడకి 48 రూపాయలు రావాల్సి ఉందని చెప్పండి.

దాసన్నపేట కిరాణా

ఆ వైపు నాకు తెలిసినవాళ్లు ఉన్నారు, కనుక్కుంటాను. ఈమెయిల్‌లో చిన్న షాపుల మాట మాత్రం రాయకండమ్మా.