అమ్మకు నటసామ్రాట్ చూపెట్టాల్నా, రంగమార్తాండనా?

మాది మహారాష్ట్రల సిరొంచ. బడిల మరాఠీ, ఇంట్ల తెలుగు. కుసుమాగ్రజ్ మరాఠీల రాసిన 1970 నాటి నటసామ్రాట్ నాటకం చదివిన, దాని మీద 2016ల వచ్చిన నానా పాటేకర్ సినిమా చూసి ఏడ్చిన. అమ్మకు మరాఠీ అంతగ రాదు. దాన్నే తెలుగుల కృష్ణవంశీ తీసిన 2023 నాటి రంగమార్తాండ పెట్టాల్నా?

— బల్లార్షా నుంచి: అదే పెట్టు తమ్మీ. ప్రకాష్‌రాజ్, బ్రహ్మానందం కలిసిన సీన్లు చాలు. భాష అడ్డమొస్తే ఏడుపు రాదు.

— దెగ్లూర్ నుంచి: నేనొప్ప. ముసలి నటుడు ఇల్లు అడుక్కునే ఆ స్వగతం మరాఠీలనే వినాలె. నాటకంల ఆ పాత్ర వేసిన శ్రీరాం లాగూ స్టేజీ మీద ఆఖరి వరుసదాకా వినబడేటట్టు చెప్పాలె; పాటేకర్‌కు కెమెరా మొహం దగ్గరికే వస్తది. నాటకం సినిమా అయితే మారేది గదే. షేక్‌స్పియర్ నాటకం కింగ్ లియర్ నీడ రెండిట్లా ఉంది. నువ్వు పక్కన కూసోని అర్థం చెప్పు.

— సిరొంచ: ముందు తెలుగుది పెడత. స్వగతం మాత్రం మరాఠీలనే వినిపిస్త.